కుడివైపు సీటు

గద్వాల జీపు మా వీధిలోకి వచ్చిందంటే చూడకుండానే తెలిసేది. మలుపులో గేరు తగ్గించగానే ఇంజను ఒకసారి దగ్గి, తర్వాత సర్దుకునేది. మా జీపుదీ అదే దగ్గు. రెండూ ఒకే చోటి నుంచి వచ్చాయి. కాలువ పనుల కోసం వచ్చిన విదేశీ ఇంజనీర్లు వాడుకుని, పని ముగిశాక వదిలి వెళ్లిన జపాన్ బండ్లు అవి. వేలంలో ఒకటి మా ఆయన తీసుకున్నాడు. రెండోది ఆయన స్నేహితుడు తీసుకుని గద్వాలకు తోలుకుపోయాడు. ఇద్దరిదీ బోరు మోటార్ల పని. కాలిపోయిన మోటారును బోరులోంచి పైకి లాగి, బాగుచేసి, మళ్లీ దించేవారు. వానాకాలం చేలల్లోకి, వాగుల్లోకి ఆ బండ్లే పోగలిగేవి.

ఆయన పోయాక కూడా గద్వాల జీపు సామాన్ల కోసం వనపర్తికి వచ్చేది. మొదట్లో ఆ దగ్గు విని చేతిలో పని వదిలేసి వాకిలి దాకా వెళ్లేదాన్ని. తర్వాత వెళ్లడం మానేశాను. స్నేహితుడు బండి ఆపి పలకరిస్తే, బాగున్నామని లోపలి నుంచే చెప్పేదాన్ని. అతని మీద నాకు కోపం లేదు. కోపమైతే అడిగేసి తేల్చుకోవచ్చు. నాది అసూయ.

అయిజ దగ్గర ఒక చేనులో మోటారు దించి కరెంటు కోసం కూర్చుని ఉండగా ఆయన గుండె ఆగిపోయింది. కూర్చున్నది ఆ గద్వాల జీపులోనే. పక్కన ఉన్నది అతనే. గద్వాల దవాఖానకు తీసుకుపోయిందీ అతనే. నేను వనపర్తి నుంచి చేరేసరికి ముఖం మీద గుడ్డ కప్పేశారు. చివరి మాట అంటూ ఏదైనా ఉంటే అది అతని చెవిన పడింది. కాపురం నాది, ఆ సాయంత్రం మాత్రం అతనిది. ఈ లెక్క నాకు ఎటూ సరిపోయేది కాదు.

మా జీపు పెరట్లో రేకుల కింద ఉండిపోయింది. పోయే ముందు రోజు ఆయన విత్తనానికి ఉంచిన పల్లికాయ సంచులను దాని వెనక ఎక్కించి పెట్టాడు, చేనుకు తీసుకుపోదామని. ఆయన చేతులతో ఎక్కించినవి సంవత్సరీకం దాకా దించొద్దని మా అత్తమ్మ అంది. నాకూ దించబుద్ధి కాలేదు. పైన టార్పాలిన్ కప్పి వదిలేశాం. పల్లికాయ వాసనకు ఎలుకలు వచ్చాయి. ముందు కాయలు తిన్నాయి, తర్వాత తీగలు కొరికాయి. సంవత్సరీకం అయ్యాక టార్పాలిన్ తీస్తే సంచుల్లో పొట్టు మిగిలింది.

బజారులో బండ్ల కరెంటు పని చేసే ఒకాయన ఉండేవాడు. అందరూ భాయ్ అని పిలిచేవారు. వచ్చి బానెట్ ఎత్తి, తీగలను ఒక్కొక్కటిగా లాగి చూశాడు.

"ఎల్కలు దావత్ చేసుకున్నయి టీచరమ్మా. ఒక్క వైరు గూడ సక్కగ లేదు."

"అతుకులేస్తే నడవదా భాయ్?"

"నడుస్తది. నడుస్త నడుస్త అంటుకుంటది. మొత్తం కిట్టు మార్చాలె."

కిట్టు అంటే బండిలోని తీగలన్నీ కలిపి నల్లటేపు చుట్టిన పొడవాటి కట్ట. బ్యాటరీ దగ్గర మొదలై, మీటర్ల వెనక కొమ్మలుగా చీలి, వెనక లైట్ల దాకా పోతుంది. అది లేకపోతే ఇంజను ఎంత బాగున్నా బండి ఇనుమే. మా మరిది కూడా ఆ మాటే అన్నాడు, పాత ఇనుము కింద అమ్మేద్దామని. నేను ఒప్పుకోలేదు. నాకు బండి నడపడం రాదు. దానితో నాకు పనీ లేదు. కానీ ఆ దగ్గు గద్వాలలో మాత్రమే మిగిలి, మా ఇంట్లో లేకుండా పోవడం నాకు ఇష్టం లేదు. అది మా పెరట్లోంచి మళ్లీ వినిపించాలి. నాకు కావలసింది అంతే.

నాగర్‌కర్నూల్‌లో పాత సామాన్ల షెడ్డు ఒకటి ఉందని, అచ్చంపేట వైపు తిరిగి తిరిగి మూలపడిన అదే రకం బండి అందులో ఉందని భాయ్ ఎక్కడో విన్నాడు. ఇద్దరం బస్సులో వెళ్లాం. ఎలుకలు ముట్టని కిట్టు దొరికింది. దాన్ని గోనెసంచిలో చుట్టి బస్సులో ఒడిలో పెట్టుకుని తెచ్చాను. మర్నాడు భాయ్ దాన్ని మా జీపులో పరిచి, అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి కింద కూర్చున్నాడు.

"టీచరమ్మా, పరేషాన్ గాకుండ్రి. గలతీ నాదే. దాని స్టీరింగు కుడిదిక్కు. మనది ఎడమదిక్కు. మీటర్ల కాడికి పోవాల్సిన కొమ్మ అవతలి కొసకు పోయి తేల్తున్నది."

"అక్కడే చూసుకోవద్దా భాయ్?"

"ఎల్కలు తిన్నదాన్నే జూసి జూసి, నిండుగున్నది కనవడంగనె ఖుషీల మర్చిన."

నాకు కోపం రావలసింది, నవ్వు వచ్చింది. ఆయన పోయాక బయటి మనిషి ముందు నవ్వడం అదే మొదటిసారి.

నిజానికి ఆ సంగతి నాకే తట్టి ఉండాలి. రోడ్డుకు కుడివైపున నడిపే దేశాల కోసం చేసిన బండి కాబట్టి, మా జీపులో నడిపే మనిషి రోడ్డు అంచు వైపు, పక్కన కూర్చున్న మనిషి రోడ్డు మధ్య వైపు ఉంటారు. నేను కుడివైపు సీట్లో కూర్చుని శ్రీరంగాపూర్ పోతుంటే, ఎదురొచ్చే లారీ డ్రైవర్లు స్టీరింగు పట్టుకోకుండా బండి నడిపే ఆడమనిషిని చూసి ముందు భయపడేవారు, తర్వాత పళ్లన్నీ బయటపెట్టి నవ్వేవారు. ఆయన వాళ్లకు చెయ్యి ఊపేవాడు. ఆ కుడివైపు సీటు నాదని నేను అనుకునేదాన్ని.

భాయ్ హైదరాబాదు పాత సామాన్ల బజారు కూడా తిరిగి వచ్చాడు. అక్కడా అన్నీ కుడి స్టీరింగువే.

"జోడు బండి గద్వాల్ల వెట్టుకొని మనం దేశమంత తిరుగుతున్నం," అన్నాడు. "దాని కిట్టు బయటికి తీసి ముంగట వెట్టుకుంటే అచ్చం అసొంటిదే కొత్తది కడ్త. ఒక్క మాట అడుగుండ్రి."

"అడగను."

"ఎందుకమ్మా?"

భాయ్ నా జవాబు కోసం ఆగలేదు, తనే స్నేహితుణ్ణి అడిగాడు. ఆ వారంలోనే మా వీధి మలుపులో దగ్గు వినిపించింది. స్నేహితుడు ఈసారి బండి దిగి వాకిట్లోకే వచ్చి నిలబడ్డాడు.

"భాయ్ చెప్పిండు వదినమ్మా. నా బండి ఇప్పుకోండ్రి. ఎన్ని దినాలైన గానీ. నేను మోపెడ్ మీద తిర్గుత."

అతని దగ్గర నడిచే బండి ఉంది. దాన్ని విప్పి ముందు పెట్టే మనసు కూడా ఉంది. మొదటిదాని కంటే రెండోది నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది. సరే అన్నాను. థ్యాంక్స్ చెప్పలేదు.

సెలవు రోజు చూసుకుని గద్వాల వెళ్లాను. నేను చేరేసరికి భాయ్ అప్పటికే వచ్చి పని మొదలుపెట్టాడు. జీపు డాష్‌బోర్డు ఊడదీసి గోడకు ఆనించారు. లోపలి కిట్టును బయటికి లాగి, రెండు పాత తలుపు రెక్కలను పక్కపక్కన పరిచి, వాటి మీద పెట్టారు. కొమ్మ చీలిన ప్రతిచోటా మేకు కొట్టి ఉంది. ఆ మేకుల వెంబడి కొత్త తీగలు లాగి కడుతున్నాడు భాయ్.

స్నేహితుడి భార్య నాకు చాయ్ ఇచ్చి పక్కన కూర్చుంది. "మీరు ఇటు దిక్కు రాకుంటిరి అక్కా. మేమేమన్న తప్పు చేసినమా అనుకుంటి."

"అట్ల ఏం లేదు."

"నాకు తెల్వదా? నేను గూడ కుళ్లుకున్నదాన్నే. మీ ఆయన ఉన్నప్పుడు ఈయనకు ఇల్లు యాదికుండకపోతుండె. నీకు లగ్గమైంది నాతోనా, ఆయనతోనా అని అడిగితి ఒక్కనాడు."

"ఏమన్నడు?"

"ఇద్దరు నవ్విండ్రు. మల్ల జీపెక్కి పోయిండ్రు."

అప్పుడే భాయ్ తలెత్తాడు. "ఈ ఎర్రవైరేంది? కంపెనీది గాదిది. ఎవరో చేత్తోటి గుంజిండ్రు."

స్నేహితుడు వచ్చి వంగి చూశాడు. "అది అన్న గుంజిన వైరు," అన్నాడు. మా ఆయన్ని అతను అన్న అనేవాడు.

ఆ తీగ కొస ఇంకా బండిలోనే ఉంది. మీటర్ల కొమ్మ దగ్గర విడిపోయి, కుడివైపు సీటు పైన రేకుకు బిగించిన ఒక చిన్న బల్బు దాకా పోతోంది. పక్కనే వేలితో నొక్కే స్విచ్చు. మా జీపులో అలాంటిది లేదు.

"ఎందుకది?" అన్నాను.

"చెప్పరాదూ! ఇంక ఎన్ని దినాలు దాస్తవు?" అంది అతని భార్య.

అతను వెళ్లి, ఊడదీసిన డాష్‌బోర్డు డబ్బాలోంచి ప్లాస్టిక్ కవరు చుట్టిన పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మీదే వదినమ్మా. ఎట్ల తెచ్చియ్యాల్నో తెల్వక వెట్టుకున్న."

నేను ఏడాదికి పైగా వెతుకుతున్న అనువాద నవల అది. గడియారాలు బాగుచేసే ఒకతను యుద్ధానికి పోతాడు, భార్య ఇంటి దగ్గర ఎదురుచూస్తుంది. బడిలో ఎవరో తీసుకుని తిరిగి ఇవ్వలేదని అనుకున్నాను.

"కరెంటు ఎప్పుడొస్తదో తెల్వకపోతుండె గద," అన్నాడు అతను. "మోటరు దించినంక త్రీఫేజు కరెంటు వచ్చెదాంక ఆడనే కూసోవాలె. నీళ్లు పారంగ జూస్తేగాని రైతు మమ్ముల ఇడువడు. అప్పుడు చదువుతుండె అన్న. ఒక పేజీ చదివి మల్ల నాకు మన మాటలల్ల చెప్తుండె. చీకటైతే అచ్చరాలు కనవడక లైటు వెట్టిండు."

"ఏం పుస్తకాలు?"

"మీ బీరువలయే. ఒకటైనంక ఒకటి."

మా ఇంట్లో ఆయన పేపరు తప్ప ఇంకేదీ చదవగా నేను చూడలేదు. నేను ఏదైనా కథ చెబితే ఊ కొట్టేవాడు, అది కూడా అన్నం తింటూ. పుస్తకాల మీద నల్లటి వేలిముద్రలు కనిపిస్తే, బీరువా ముట్టే ముందు చేతులు కడుక్కోవా అనేదాన్ని. కడుక్కుంటాలే అనేవాడు.

"నాకెందుకు చెప్పలే?"

"'చెప్తే పరీక్ష వెడ్తది, టీచరు గద' అంటుండె."

అతని భార్య ఫక్కున నవ్వి, నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భాయ్ తీగల మీదికి వంగిపోయాడు. నేను పుస్తకం తెరిచాను. ఒక పేజీ మూల మడిచి ఉంది. నేనెప్పుడూ పేజీ మడవను. నేను చదివిన పుస్తకాలు, నా భర్త గొంతు. విన్నది మరొకరు. చివరి మాట ఒక్కదాని కోసమే ఇన్నాళ్లూ అసూయపడ్డాను. ఇప్పుడు ఎన్నో సాయంత్రాలు వచ్చి దాని పక్కన చేరాయి. ఆ జీపులో కుడివైపు సీటు ఆయనది. అక్కడ ఆయన ఎలా కూర్చునేవాడో, చదివేటప్పుడు గొంతు ఎలా ఉండేదో నాకు తెలియదు. అతనికి తెలుసు.

"ఇది మీ బండిల గూడ పెట్టాల్నా టీచరమ్మా?" భాయ్ ఎర్రతీగను చూపించి అడిగాడు.

"పెట్టు," అన్నాను. నేను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది ఆ మాట.

కొత్త కిట్టు మా జీపులోకి ఎక్కిన రోజు స్నేహితుడు వనపర్తి వచ్చాడు. ఎడమ స్టీరింగు అలవాటున్నది ఇక అతనికే. తాళం తిప్పగానే ఇంజను దగ్గింది, తర్వాత సర్దుకుంది. అత్తమ్మ లోపలి నుంచి గబగబా వచ్చి, గడపలో ఆగి మమ్మల్ని చూసి, మళ్లీ లోపలికి పోయింది. భాయ్ బానెట్ మూసి, "ఇగ పల్లికాయలు మాత్రం ఎక్కియ్యకుండ్రి," అన్నాడు.

బండిని పరీక్షించడానికి శ్రీరంగాపూర్ రోడ్డు మీదికి వెళ్లాం. అతను ఎడమవైపు, నేను కుడివైపు. ఎదురొచ్చిన లారీ డ్రైవరు నన్ను చూసి నవ్వాడు. స్నేహితుడు చెయ్యి ఊపలేదు. కొంత దూరం పోయాక ఇంజను వేడి చూడటానికి పక్కకు ఆపాడు. పొద్దు వాలుతోంది. నేను చెయ్యి ఎత్తి స్విచ్చు నొక్కాను. లైటు వెలిగింది.

"ఒకటి అడుగుత," అన్నాను. "ఆ దినం ఆఖరికి ఏమన్నడు?"

అతను స్టీరింగు మీద నుంచి చేతులు తీయలేదు. "'కరెంటొచ్చినట్టుంది, జూసి రాపో' అన్నడు. నేను దిగి స్టార్టరు డబ్బ కాడికి పోయిన. రాలే. 'రాలేదన్నా' అనుకుంట తిరిగొచ్చిన. అప్పటికే..."

"అప్పుడు నువ్వు పక్కన లేవా?"

"లేను వదినమ్మా."

ఇన్నాళ్లూ అతని దగ్గర ఉందనుకున్నది అతని దగ్గరా లేదు. నాకు ఊరట కలగాలి. కొంచెం కలిగింది కూడా. అతని ముఖం చూశాక అది నిలవలేదు.

కాసేపటికి అతనే అన్నాడు. "నేనొకటి అడగొచ్చునా?"

"అడుగు."

"గా గడియారాలు బాగుచేసెటాయన ఇల్లు చేరిండా? ఆయన రైలెక్కింతవరకే చదివినం. నాకా చదువు రాకపాయె, తర్వాతది నేనెవర్ని అడుగుదు?"

అతని దగ్గర లేనిది, నా దగ్గర ఉన్నది ఇది ఒక్కటే. ఇవ్వకుండా ఉంచుకోవచ్చు. పుస్తకం నా ఒడిలోనే ఉంది. ఆ ముగింపు నాకు ఎప్పుడూ నచ్చలేదు, జీవితంలో అలా జరగదని బడిలో ఎవరితోనో వాదించాను కూడా.

"చేరిండు," అన్నాను.

"భార్య గుర్తువట్టిందా?"

"పట్టింది. తలుపు కొట్టకముందే. అడుగుల చప్పుడుకే."

"మంచిగైంది," అన్నాడు. నిజంగా అలా జరిగి, ఆ కబురు ఇప్పుడే అందినట్టు తలూపాడు. తర్వాత పైకి చూశాడు. "లైటు బందు చెయ్యి వదినమ్మా. బ్యాటరీ దిగుతది."

నేనింకా ఆ పుస్తకంలోని ఆడమనిషి గురించే ఆలోచిస్తున్నాను. ఆమె మీద అసూయ పడుతూనే చెయ్యి ఎత్తి లైటు ఆపాను.