అమ్మ కూర్చున్న తాబేలు

మా చిన్నప్పుడు అమ్మ తాబేలు మీద కూర్చుని చింతపండు గింజలు తీసేది... నిజం తాబేలు కాదులెండి, మా నాయన వేపచెక్కలో చెక్కిన తాబేలు పీట. డిప్ప మీద కూర్చోవడానికి నున్నటి పల్లం, ముందు పైకెత్తిన తల. పని అయిపోగానే ఆ తల మీద రెండు చేతులూ ఆనించి "అమ్మయ్య" అనుకుంటూ లేచేది.

ఆ లేవడమే మా ఇంట్లో పెద్ద సంగతి. బావి దగ్గర జారిపడ్డాక అమ్మ మోకాళ్లు పాడయ్యాయి. నేల మీద కూర్చుంటే ఎవరో ఒకరు చెయ్యి అందివ్వాల్సిందే. మేం బడికీ, నాయన పనికీ పోతే ఎవరో వచ్చేదాకా అక్కడే కూర్చుని ఉండేది. పక్కింటివాళ్లను పిలవడానికి మొహమాటం. సాయంత్రం మేం వచ్చేసరికి పొయ్యి వెలిగి ఉండేది కాదు, అమ్మ నవ్వుతూ చెయ్యి చాపేది... ఆ నవ్వు చూడలేకే నాయన తాబేలు చెక్కాడు.

నాయన గుళ్లకు వాహనాలు చెక్కే శిల్పి. హంస, సింహం, ఏనుగు, గరుత్మంతుడు... వాటిలో మిగిలిన చెక్కంతా మా ఇంటికే. అందరి ఇళ్లలో చిలక్కొయ్య అంటే గోడకున్న కొయ్య. మా ఇంట్లో అది నిజంగానే చిలక, దాని ముక్కుకు నా లంగా వేలాడేది. ఉప్పు గూడబాతు గొంతు సంచిలో ఉండేది. కొబ్బరి కోరాలంటే కుందేలు వీపెక్కి కూర్చోవాలి.

అయితే మా ఇంటి జంతువులు వేటికీ కళ్లుండవు. వాహనానికి చివరి రోజున స్నానం చేసి, పూజ చేసి నాయన కళ్లు తెరిపించేవాడు. కళ్లు తెరిస్తే అది దేవుడిది, ఇక మనం కాలు తగిలించకూడదు. ఇంట్లోవాటికి కంటిచోటు నున్నగా వదిలేసేవాడు. నేను బొగ్గుతో చుక్క పెడతానంటే కూడా ఒప్పుకునేవాడు కాదు.

మాది వాకాడు వైపు సముద్రం ఒడ్డు పల్లె. ఊరంతా చేపలు పట్టేవాళ్లు, మాది ఒక్కటే చెక్కపని చేసే ఇల్లు. వలలో తాబేలు పడితే బొట్టుపెట్టి, దండం పెట్టుకుని మళ్లీ నీళ్లలో వదలడం వాళ్ల అలవాటు. ఒక ఏడాది వలలు ఖాళీగా వస్తున్నాయి. అలాంటప్పుడే ఊరి పెద్ద పోలయ్య వలలో తాబేలు చిక్కి చచ్చిపోయింది. కొత్త గుడ్డ చుట్టి, పసుపు చల్లి ఇసుకలో పాతిపెట్టారు. ఊరంతా బిక్కచచ్చిపోయింది.

మరునాడు పోలయ్య పడవ చెక్క సంగతి మాట్లాడడానికి మా ఇంటికి వచ్చాడు. అమ్మ తాబేలు మీద కూర్చుని ఉంది. ఆయన వచ్చిన పని చెప్పకుండానే వెళ్లిపోయాడు... సాయంత్రానికి ఊరు మా వాకిట్లో ఉంది.

ఎవరూ గొడవపడలేదు. గొడవపడితే నాయనా గొడవపడి ఉండేవాడేమో. అది వట్టి చెక్కేనని, కళ్లు కూడా లేవని చూపించాడు. అందరూ వంగి చూశారు. పోలయ్య మాత్రం మెల్లిగా అన్నాడు.

"కళ్లు లేవంటావు గదా ఆచారీ, అయితే తెరిపియ్యి. రేపు మేం నీళ్ల మీదికి పోవాల. ఈ పీటను తల్చుకుంటా మా ఆడోళ్లు ఒడ్డున ఎట్టా కూసుంటారు చెప్పు?"

నాయన అమ్మ వైపు చూశాడు.

"ఇచ్చెయ్యయ్యా," అంది అమ్మ. "రేపు ఎవురి బిడ్డన్నా తిరిగి రాకపోతే అందురూ నన్నే గదా చూసేది."

తెల్లారి నాయన స్నానం చేసి, ఉలి పట్టుకుని, అమ్మ పీటకు తన చేత్తోనే కళ్లు తెరిపించాడు. మేళంతో ఒడ్డుకు తీసుకుపోయి, పాక వేసి అందులో పెట్టారు. ఏం చెప్పమంటారు... ఆ వారమే వలలు నిండాయి. చేపలు కూడా మా పక్షాన లేవు.

తర్వాత నాయన పడిన తిప్పలు చూడాలి. ఏనుగు చెక్కుదామంటే వినాయకుడు, ఎద్దంటే శివుడు, కుక్కంటే భైరవుడు, ఎలుకను కూడా వదల్లేదు. దున్నపోతు మీద అమ్మను ఎవరు కూర్చోబెడతారు! ఏ జంతువును తలచుకున్నా ముందే ఒక దేవుడు ఎక్కి కూర్చునే ఉన్నాడు. ఆఖరికి ఎండ్రకాయకు దేవుడు లేడని కనిపెట్టి, దాన్ని చెక్కాడు. తీరా చూస్తే పట్టుకుని లేవడానికి దానికి తల లేదు... అమ్మ పడీపడీ నవ్వింది. నాయన నవ్వలేదు. ఆ తర్వాత ఇంటికంటూ ఏమీ చెక్కలేదు.

అమ్మ మళ్లీ నేల మీద కూర్చుంది. మళ్లీ చెయ్యి చాపింది.

మొన్న ఊరెళ్లాను. పాక పోయి టైల్స్ వేసిన గుడి వచ్చింది, తాబేలుకు వెండి కళ్లు పెట్టారు. అమ్మ కటకటాల బయట నిలబడి చాలాసేపు దండం పెట్టుకుంది. ఏం మొక్కుకున్నావమ్మా అని అడిగాను.

"ఇంకేం అడుగుతానే... కూసున్న చోటనుంచి లేచేదానికి కాస్త ఓపికియ్యమన్నా."

నాయన పక్కనే ఉన్నాడు. విన్నాడు. చెప్పులు వేసుకుని మాకంటే ముందే నడిచి వెళ్లిపోయాడు.

ఇప్పుడు మా ఇంట్లో అన్నీ ప్లాస్టిక్ కుర్చీలే... వాటిని దేవుడు కూడా అడగడు. మీ ఇంట్లో ఎవరైనా మీకోసమే చేసిపెట్టిన వస్తువు ఇంకా ఉందా? ఉంటే చెప్పండి, విని సంతోషిస్తాను.