రోజూ కాగితాలు పారేసుకున్నాయన

ముందుగా ఒక పుకారు సంగతి తేల్చాలి. పిల్లల నవల సినిమాగా వచ్చి నెల తిరక్కుండానే వీధంతా చెవులు కొరుక్కుంటోంది. షూటింగులో జారుడుజేబు మామయ్య రోజూ మాటల కాగితాలు పోగొట్టుకోవడం ఒట్టి నాటకమట. వాటిని గుట్టుగా పక్క కంపెనీకి చేరవేశాడట. అందుకే పుస్తకంలోని ఆఖరి మాట సినిమాలో మారిపోయిందట. ఇందులో సగం పచ్చి అబద్ధం. ఏ సగమన్నది తెలియాలంటే కథంతా వినాలి.

మామయ్యకున్నది ఒకటే గుణం. ఆయన దగ్గర ఏ వస్తువూ నిలవదు. కళ్లజోళ్లు, గొడుగులు, తాళంచెవులు అందరూ పోగొట్టుకుంటారు. మామయ్య అయితే ఒంటికాలి చెప్పు పోగొట్టుకొని వస్తాడు. రెండూ పోతే గుమ్మం దగ్గర దొంగ పడ్డాడనుకోవచ్చు. ఒక్కటే పోయిందంటే మామయ్య వచ్చి వెళ్లాడని అర్థం.

ఒకసారి భార్యను వెంటబెట్టుకొని బజారుకు వెళ్లి ఒక్కడే తిరిగొచ్చాడు. గంట తర్వాత ఆవిడ సంచులు మోసుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"అదేంటే, నువ్వు ఇంట్లో లేవా?" అన్నాడు ఆశ్చర్యంగా.

"బస్సులో వదిలేసి దిగిపోయి, పైగా నన్నే అడుగుతున్నారా?"

"మరి ఇందాకట్నుంచి కాఫీ ఇమ్మని ఎవర్ని అడుగుతున్నాను?"

"గోడనడిగారు. ఇచ్చిందా?"

వీధి చివర బట్టలు కుట్టే టైలరు పిన్నికి ఆయన వరసకు అన్నయ్య. అన్నయ్య జబ్బు ఎలాగైనా కుదర్చాలని ఆమె చేయని ప్రయత్నం లేదు. జేబుకు మూత కుట్టింది, బొత్తాం పోయింది. బొత్తానికి బదులు జిప్పు వేసింది. ఆ జిప్పు మాత్రం గట్టిగా నిలిచింది, చొక్కానే ఎక్కడో పోయింది.

"చొక్కా ఎలా పోతుంది అన్నయ్యా? ఒంటి మీదుండేది కదా!"

"ఉక్కపోస్తే విప్పి భద్రంగా పెట్టాను చెల్లెమ్మా. ఆ భద్రంగా అన్న చోటు గుర్తు రావడం లేదు."

ఇక ఆ నవల. ఒకే గోడకు అటొక బడి, ఇటొక బడి. తూర్పు బడిలో ఒక ఫస్టు ర్యాంకు పిల్ల, పడమర బడిలో ఇంకో ఫస్టు ర్యాంకు పిల్ల. ఇద్దరికీ కావలసింది ఒకే కప్పు. చిన్నప్పుడు ఆ పుస్తకం చదవని వాళ్లు వీధిలో లేరు. చదివిన వాళ్లు రెండు పార్టీలయ్యారు, ముసలివాళ్లయినా పార్టీ మారలేదు. ఐదో తరగతితో చదువు ఆపేసిన టైలరు పిన్ని కరుడుగట్టిన తూర్పు పార్టీ. పడమర పార్టీ వాళ్లు రవికె కుట్టించుకోవడానికి వస్తే, "చేతులు బిగుతైనా నన్ననకండి" అని ముందే చెప్పేది.

అలాంటి నవలను సినిమా తీస్తామంటూ ఒక కుర్ర దర్శకుడు వచ్చాడు. ముప్పై ఏళ్లుగా బళ్లకు నాటకాలు రాసిన మామయ్యను మాటలు రాయమన్నాడు. యూనిఫారాలన్నీ టైలరు పిన్నికి అప్పజెప్పాడు. తూర్పుకు నీలం నలభై, పడమరకు పచ్చ నలభై. పాతబడి భవనంలో షూటింగు, మూలగదిలో పిన్ని మిషను. కిటికీ తెరిస్తే సెట్టంతా కనిపించేది కనక పిన్ని ఆ కిటికీని ఏనాడూ మూయలేదు.

మొదటిరోజు పొద్దున్నే పిల్లలకు మాటల కాగితాలు పంచాలి. మామయ్య ఒళ్లంతా తడుముకున్నాడు.

"ఇక్కడే పెట్టానే!"

"ఇక్కడంటే?" అన్నాడు దర్శకుడు.

"అదే తెలిస్తే అక్కడే ఉండేవి బాబూ."

చేసేది లేక మామయ్య మాటలు నోటితో చెప్పాడు, పిల్లలు విని అప్పజెప్పారు. రెండోరోజూ అంతే. వారం గడిచినా అంతే. దర్శకుడు జుట్టు పీక్కున్నాడు. నిర్మాతకైతే పీక్కోవడానికి జుట్టు లేక మామయ్య మీద పడ్డాడు.

"ఏమండీ, నిన్న కాగితాలు దారం కట్టి మీ మెడలో వేశాం కదా?"

"దారం ఉందండీ. ఇదిగో, చూడండి!"

కాగితాలు పోయిన ప్రతి రోజూ మధ్యాహ్నం ఒక గంట వాటిని వెతకడానికి మామయ్య బయల్దేరేవాడు. "నా కళ్లు ఆనవు, చురుకైన పిల్ల కావాలి" అంటూ తూర్పు బడి ఫస్టు ర్యాంకు వేషం కట్టిన పిల్లను తోడు తీసుకెళ్లేవాడు. ఆ పిల్లను అంతా వసపిట్ట అనేవారు. బస్టాపులో కండక్టరుతో ఆ పిల్ల పెట్టుకున్న తగువు చూసి దర్శకుడు అక్కడికక్కడే వేషం ఇచ్చేశాడు. తల్లీతండ్రీ తాపీ పనివాళ్లు. ఇక్కడ మూడు నెలలు, అక్కడ రెండు నెలలు అంటూ ఇల్లు కట్టే చోటికల్లా మారుతుంటారు. పిల్ల మాత్రం ఒక్కసారి వింటే చాలు, పేజీడు మాటలు గడగడా అప్పజెప్పేసేది.

ఒకరోజు అందరికీ బడిబిళ్లలు తగిలించే పని పడింది. తెల్లబిళ్ల మీద నల్ల అక్షరాలు. వసపిట్ట తన నీలం చొక్కాకు తనే బిళ్ల పెట్టుకొని ఠీవిగా నిలబడింది. పిన్ని చూస్తే దాని మీద 'పడమర బడి' అని ఉంది. తూర్పు పార్టీ పిన్నికి ఒళ్లు మండిపోయింది.

"ఏమే వసపిట్టా! శత్రువుల బిళ్ల పెట్టుకున్నావేంటే? చూసుకోవద్దూ?"

పిల్ల మొహం పాలిపోయింది. బిళ్లను అరచేత్తో మూసేసింది. వసపిట్ట నోట మాట రాకపోవడం అదే మొదలు. మామయ్య ఎక్కణ్నుంచి ఊడిపడ్డాడో గబగబా వచ్చి, "బిళ్లలు నేనే కలగాపులగం చేశాను చెల్లెమ్మా, ఈ మతిమరుపు నన్ను చంపేస్తోంది" అన్నాడు. పిన్ని సరేనంది గానీ మనసులో ఏదో గుచ్చుకుంది. ఎందుకంటే ఆ పూట బిళ్లల డబ్బా తెరిచింది ఆమే, సర్దింది ఆమే.

ఆ సాయంత్రమే నిర్మాత తేల్చి చెప్పేశాడు. "ఇంకొక్కసారి కాగితం పోయిందో, మాటల రచయితగా మీ పేరు తెర మీద ఉండదు. ఆ తర్వాత మీ ఇష్టం!" తన పేరు తెర మీద పడాలన్నది మామయ్యకు ముప్పై ఏళ్ల కోరిక. వీధిలో తెలియని వాళ్లు లేరు.

మర్నాడు కాగితాలు మళ్లీ పోయాయి.

ఇక పిన్ని ఆగలేకపోయింది. మధ్యాహ్నం మిషను ఆపి, చెప్పులు చేత్తో పట్టుకొని, వెతకబోయిన వాళ్ల వెనకే వెళ్లింది. గోడ వెనక వాళ్లిద్దరూ వెతకడం లేదు. చతికిలబడి కూర్చున్నారు. పోయాయన్న కాగితాలు మామయ్య ఒళ్లోనే ఉన్నాయి. గోడ నిండా సుద్దముక్కతో రాసిన అక్షరాలు.

"ఇదేంటీ?"

"గ."

"దీనికి ఓత్వం ఇస్తే?"

"గో. పక్కన డ. గోడ! తాతా, గోడ మీద గోడ అని రాశావు!"

"మరి గోడ మీద మేడ అని రాస్తే బరువైపోదూ?"

పిల్ల కిలకిలా నవ్వి, అంతలోనే మూతి ముడిచింది. "తాతా, నాకు చదవడం రాదని తెలిస్తే పంపించేస్తారా? ఫస్టు ర్యాంకు వేషం కదా!"

"తెలియడానికి అసలు కాగితం ఉంటే కదే పిచ్చిమొహమా! ఎవరికీ లేదు, నీకూ లేదు. అందరూ వినే నేర్చుకుంటున్నారు."

పిన్ని వచ్చిన దారినే వెనక్కి నడిచింది. విన్న సంగతి పది నిమిషాలు దాచుకుంటే కడుపుబ్బే మనిషి, నెలరోజులు నోరు కుట్టేసుకుంది. ఆమె జన్మలో అంత గట్టి కుట్టు ఇంకొకటి వేయలేదు.

ఆఖరి సన్నివేశం రానే వచ్చింది. పడమర పిల్ల రాసిన ఉత్తరాన్ని తూర్పు పిల్ల వేదిక మీద అందరి ముందూ చదవాలి. "మొదటిసారి చదువుతున్నట్టే ఉండాలి. ఆ మాటలు ఎవరూ ముందుగా పిల్లల చెవిన వేయొద్దు" అని దర్శకుడి ఆజ్ఞ. ఉత్తరాన్ని నిర్మాత పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలకు కట్టుకున్నాడు.

మామయ్యకు చెమటలు పట్టాయి. "పెట్టె బరువుగా ఉన్నట్టుంది, ఇలా ఇవ్వండి, నేను మోస్తాను" అన్నాడు.

"మీరా? పెట్టెనా?" అన్నాడు నిర్మాత. సెట్టంతా పడీపడీ నవ్వింది. పిన్ని ఒక్కతే నవ్వలేదు. చేతిలోని సూది వేలికి దిగినా ఆమెకు తెలియలేదు.

కెమెరా తిరిగింది. వసపిట్ట ఉత్తరం విప్పింది. అక్షరాల కింద వేలు పెట్టి, ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ మెల్లగా చదివింది. అంత నెమ్మది సరిగ్గా ఆ ఘట్టానికి కావలసిందే అని దర్శకుడు మురిసిపోతున్నాడు. చివరి వాక్యం వచ్చింది. పుస్తకంలో అది 'మన మధ్య ఉన్నది స్పర్ధే గానీ పగ కాదు.' మన మధ్య ఉన్నది దాకా పిల్ల ఎలాగో ఈదుకొచ్చింది. ఆ తర్వాతి మాట దగ్గర వేలు ఆగిపోయింది. తలెత్తి ఎదురుగా ఉన్న పచ్చ చొక్కా పిల్లను చూసింది.

"మన మధ్య ఉన్నది... పరదాయే గానీ పగ కాదు."

సహాయకుడు పుస్తకం పట్టుకొని లేచాడు. "సార్, తప్పు చదివింది, అది స్పర్ధ..." దర్శకుడు చెయ్యెత్తి వాణ్ని కూర్చోబెట్టాడు. "పరదా. ఇలాగే ఉంచండి" అన్నాడు. నిర్మాత తాళంచెవితో కళ్లు తుడుచుకోబోయి, అది తాళంచెవి అని గ్రహించి చొక్కా అంచు వెతుక్కున్నాడు.

వసపిట్ట వేదిక దిగి మామయ్య దగ్గరికి పరుగెత్తింది. "ఆ ఒక్క మాట కింద రెండు అక్షరాలు వేలాడుతున్నాయి తాతా! భయమేసింది."

"ఆ ఒత్తులు రేపు చెబుదామనుకున్నానే" అన్నాడు మామయ్య తల గోక్కుంటూ.

సినిమా వచ్చింది. నిర్మాత అన్నంతా చేశాడు, మాటల రచయితగా వేయలేదు. మామయ్య పేరు చిట్టచివర, టీ పంచినతనికీ కరెంటు పనివాళ్లకూ నడుమ చీమంత అక్షరాలతో పడింది. చదివి చూపించింది వసపిట్టే. అంతలో జనం లేచి వెళ్లిపోతుంటే, "కూర్చోండి, మా తాత పేరు వస్తోంది!" అని హాలు దద్దరిల్లేలా అరిచింది. చదువు రాని సంగతీ, నేర్చిన సంగతీ ఇప్పుడు ఆ పిల్లే కొత్తగా చేరిన బడంతా చెప్పుకొని తిరుగుతోంది కనక ఇక దాచడానికేమీ లేదు. పార్టీల వాళ్లు మాత్రం మామయ్య కనిపిస్తే నిలేస్తున్నారు. "స్పర్ధను పరదా చేస్తావా?" అంటే, "పుస్తకం కూడా పోయిందండీ, గుర్తున్నది రాశాను" అని దండం పెడుతున్నాడు. ఇన్ని పోయాయంటే ఎవరికో చేరే ఉంటాయని జనం లెక్క కట్టారు, పక్క కంపెనీ పుకారు పుట్టింది ఆ జవాబులోంచే.

ఆ పుకారు విని విని టైలరు పిన్నికి విసుగెత్తింది. కొత్త చొక్కాకు కొలతలు తీసుకుంటూ, టేపు మెడచుట్టూ బిగించి సూటిగా అడిగేసింది.

"నిజం చెప్పు అన్నయ్యా. ఆ కాగితాలు మొదట్నుంచీ కావాలనే పోగొట్టావా?"

"లేదు చెల్లెమ్మా. మొదటి వారం నిజంగానే పోయాయి. కాగితాలు లేకపోతే ఆ పిల్ల మొహం ఎంత వెలుగుతోందో అప్పుడే చూశాను. రెండో వారం నుంచి కావాలని పారేద్దామంటే, ఒక్కటి పోతే ఒట్టు! వాచ్‌మన్ తెచ్చిచ్చేవాడు, లైటు పట్టే అబ్బాయి తెచ్చిచ్చేవాడు, నువ్వే రెండుసార్లు పరుగెత్తుకొచ్చి ఇచ్చావు. ఇవి నిన్నటివమ్మా, ఇవి మొన్నటివమ్మా అని బొంకలేక చచ్చాననుకో. వస్తువు పారేసుకోవడం ఇంత కష్టమని నాకేం తెలుసు!"