ఖాళీ తొట్టెలో పొత్రం

1998 డిసెంబర్. మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల మేడ ఒక్కటే లేచి నిలబడింది. చుట్టూ ఇంకా బండలూ, తుమ్మచెట్లూ, మేకలే. ఆ మేకలను తప్పించుకుంటూ తెల్ల అంబాసిడర్‌లో కంప్యూటర్ దొరలను తిప్పడం నా ఉద్యోగం. చదువంటారా, ఏడో తరగతిలో బడి వదిలేశాను. బడి నన్ను వెతకలేదు, దానికీ హాయిగానే ఉన్నట్టుంది.

ఆ నెల నాకు డిస్పోజల్ డ్యూటీ పడింది. అంటే పొద్దుటినుంచి సాయంత్రం దాకా బండీ మనిషీ ఒకరి చెప్పుచేతల్లోనే ఉండాలి. ఆ ఒకరు మార్తా మేడమ్. పోలండ్ నుంచి భర్త పీటర్ వెంట వచ్చింది. కడుపుతో ఉంది, ఏడో నెల. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తికమక పడతాయట, ఆయన వాటికి ధైర్యం చెప్పే పనిలో ఆఫీసు వదిలేవాడు కాదు. క్రిస్మస్ పండుగకు పుట్టింటికి పోదామని ఆమె పెట్టె సర్దుకుంది. ఇంతలో రెండుసార్లు రక్తం కనిపించింది. డాక్టరమ్మ విమానం వద్దంది, కుదుపులు అసలే వద్దంది.

కుదుపులు వద్దంటే అది నాకు చెప్పిన మాటే. వాళ్లుండే గెస్ట్‌హౌస్ నుంచి జూబ్లీహిల్స్ దవాఖాన దాకా రోడ్డుకన్నా గుంతలే ఎక్కువ. హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్ పెడల్ సగం తొక్కిపట్టి, బండిని పాకించుకుంటూ పోయేవాణ్ణి. వెనక లారీవాళ్లు మా వంశం మొత్తాన్ని తలుచుకునేవారు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా "సారీ మేడమ్, రోడ్ ఆల్సో ప్రెగ్నెంట్" అంటే ఆమె కడుపు పట్టుకుని నవ్వేది. ఆమె ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ కిరాయికి తెచ్చుకున్నవే, అందుకే మాకు బాగా కుదిరింది.

క్రిస్మస్ దగ్గరపడింది. మేడమ్ మూరెడు పొడవున్న చెక్క తొట్టె చేయించి హాల్లో పెట్టింది. అందులో రోజూ కొంచెం గడ్డి వేయాలట. పండుగ ముందురోజు దాకా ఖాళీగా ఉంచి, అప్పుడు బాల ఏసు బొమ్మను పడుకోబెట్టాలట. వాళ్లమ్మ పద్ధతి. గడ్డి కోసం కోకాపేట పోయాం. కళ్లంలో ముసలమ్మ వరిగడ్డి ఇస్తూ మేడమ్‌ను ఎగాదిగా చూసింది.

"ఈమెకు బర్రె ఉన్నదా బిడ్డా?"

"బర్రె లేదవ్వా, దేవుడున్నడు. గడ్డిమీదనే పంటడట."

"అయ్యో పాపం, పరుపు గూడ లేదా!"

గెస్ట్‌హౌస్‌లో వంట చేసే లక్ష్మమ్మది నానక్‌రామ్‌గూడ. తొట్టెను చూసిన దగ్గరనుంచి ఆమెకు ముద్ద దిగలేదు.

"ఏంది యాదగిరీ గిది? కడుపుతోటున్నామె ఇంట్ల ఖాళీ తొట్టె పెడ్తరా ఎవరన్న? జర చెప్పరాదు?"

"వాళ్ల పద్ధతి వాళ్లదక్కా. నీ పప్పు చూస్కో, మాడుతున్నది."

ఆమె పప్పుతో ఊరుకోలేదు. మా దిక్కు తొట్టెలో బిడ్డకన్నా ముందు పొత్రం పడుకోబెడతారు, బిడ్డ రాయిలా గట్టిగా నూరేళ్లు ఉండాలని. మేము దవాఖానకు పోయి వచ్చేసరికి, అల్లం నూరే చిన్న పొత్రానికి పసుపు రాసి, తెల్లగుడ్డ చుట్టి గడ్డిమీద పెట్టింది.

మార్తా గుడ్డ విప్పింది. మొహంలో నెత్తురు లేదు.

"స్టోన్? వై స్టోన్?"

వాళ్ల దగ్గర మనిషి కోసం రాయి పెట్టేది సమాధి మీదే కదా అని నాకప్పుడు తట్టింది. "నో బ్యాడ్ మేడమ్! స్టోన్ స్ట్రాంగ్, బేబీ స్ట్రాంగ్. హండ్రెడ్ ఇయర్స్!"

లక్ష్మమ్మ తలుపు చాటునుంచి చూస్తోంది. మార్తా ఆమె వైపు ఒకసారి చూసి, గుడ్డ మళ్లీ చుట్టి, రాయిని ఉన్నచోటే పెట్టింది. దానిమీద చెయ్యి ఆనించి "హండ్రెడ్" అంది.

పండుగ ముందురోజు పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. నెలంతా పాకించిన దారిలోనే, పీటర్ "ఫాస్ట్, ఫాస్ట్" అంటుంటే బండిని ఉరికించాను. ప్రతి గుంతా ఆమె గొంతులోంచి వినిపించింది. మధ్యాహ్నానికి మగపిల్లవాడు పుట్టాడు. ఏడవలేదు.

పీటర్ వరండాలో నా చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు.

పండుగ వెళ్లిపోయాక ఆమెను గెస్ట్‌హౌస్‌కు తెచ్చాను. బొమ్మ అట్టపెట్టెలోనే ఉంది, తొట్టెలో పొత్రం ఉంది. లక్ష్మమ్మ దాన్ని తీసేద్దామనుకుని, ముట్టుకోవడానికి భయపడి వదిలేసిందట. ఇప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని వచ్చింది.

"నా చేతులిరిగిపోను. నా రాయే బిడ్డను మింగింది. తీసేస్తనమ్మా."

మార్తాకు మాటలు అర్థం కాలేదు, తొట్టె వైపు చాపిన చెయ్యి అర్థమైంది. "నో" అని తనే పొత్రాన్ని ఎత్తుకుంది. ఒక చెయ్యి మెడ కింద పెట్టి ఎత్తుకుంది. రాయికి మెడ ఎక్కడుంటుంది?

"సేమ్ వెయిట్," అంది నాతో. "టెల్ హర్. సేమ్."

"ఇంతే బరువున్నడట అక్కా," అన్నాను.

లక్ష్మమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. మార్తా గోడ పట్టుకుని మెల్లగా దిగి, ఆమె పక్కనే నేలమీద కూర్చుంది.

జనవరిలో వాళ్లను బేగంపేట ఎయిర్‌పోర్టుకు తీసుకుపోయాను. గుడ్డ చుట్టిన పొత్రం ఆమె ఒళ్లోనే ఉంది. ఇక మెల్లగా పోనక్కరలేదన్నాడు పీటర్. నా ఎడమకాలు వినలేదు, హాఫ్ క్లచ్ మీదనే పోయింది. వెనక అద్దంలో ఆమె మొహం కనిపిస్తోంది. అద్దాన్ని పైకి తిప్పేశాను.

ఆ తర్వాత చాలా బళ్లు మారాను. వెనక సీట్లో ఎవరైనా ఏడుస్తున్నట్టు తోస్తే, నోట్లో జోకు లేవకముందే నా చెయ్యి అద్దాన్ని పైకి తిప్పేస్తుంది. బడిలో చెప్పే పాఠం కాదులెండి. చెప్పినా ఆ రోజు నేను బడికి పోయి ఉండను.