ఈత కొలనులో పటిక

ఆ కాలంలో జనగామ పక్కన ఒక తోట ఇంట్లో ఈత కొలను ఉందంటే జనం చుట్టాలను వెంటేసుకొని చూడటానికి వచ్చేవారు. నేను మాత్రం రోజూ చూసేదాన్ని, దిగే భాగ్యం లేకుండా. మా ఆయన ఆ తోటకు కాపలా, నేను ఇంటిపని. పెళ్లయి ఏడాది కూడా కాలేదు. పొద్దున్నే ఆకులు తీసే వల పట్టుకొని ఒడ్డు మీద నిలబడితే కాళ్లు కదిలేవి కావు. జఫర్‌గఢ్ దగ్గర మా ఊళ్లో బాపు, అంటే మా నాన్న, నా నడుముకు ఎండిన ఆనపకాయ బుర్ర కట్టి, మా పొలం బావిలో ఈత నేర్పాడు. ఆయన పోయాక పొలం అమ్మేశాం, కొన్నవాళ్లు బావి పూడ్చేశారు. అప్పటి నుంచి మునిగేంత నీళ్లు నా ఒంటికి తగలనే లేదు (అత్తగారింట్లో స్నానానికి ఇచ్చేది ఒక్క బకెట్).

తోట యజమాని సేటు జనగామలో బట్టల దుకాణం కొడుకుకు అప్పజెప్పి వచ్చిన మనిషి. మోకాళ్ల నొప్పులకు నీళ్లలో నడవమని డాక్టరు చెబితే భార్య కోసం ఆ కొలను కట్టించారు. ఆమెను నేను అమ్మ అనేదాన్ని. అమ్మకు నీళ్లంటే భయం. "ఈ పిల్ల తోడు దిగితెనే నేను దిగుత" అని పట్టుబట్టింది. ఆ మాట విన్న సంబరంలో ఆ రోజు ఒడ్డును రెండుసార్లు ఊడ్చాను. నొప్పులు తగ్గకపోతే కొడుకు వచ్చి ఆమెను ఆపరేషనుకు హైదరాబాద్ తీసుకుపోతాడట. అప్పుడిక నన్నెవరు దిగమంటారు?

సేటుకు మాత్రం తొందర లేదు. చిన్న గొట్టంలో నీళ్లు పట్టి, ఎర్ర మందు చుక్కలు వేసి, అట్ట మీది రంగులతో పోల్చి చూసేవారు, చీరకు మ్యాచింగ్ జాకెట్ గుడ్డ వెతికినట్టు. నీళ్లు పులుపెక్కితే పసుపు రంగు, సున్నం నీళ్లలా చవుడెక్కితే గులాబీ. నడుమ నారింజ ఎరుపు వస్తేనే క్లోరిన్ పొడి సరిగా పనిచేస్తుందట. అది వచ్చేదాకా ఎవరూ దిగొద్దు.

తీరా రంగు కుదిరే వేళకు గాలివాన వచ్చి కొలనంతా ఎర్రమట్టి చేసింది. వానాకాలం మా అవ్వ కుండలో పటిక ముక్క తిప్పేది, నీళ్లు తేరుకునేవి. కుండకు ముక్క అయితే కొలనుకు ఎంత కావాలి? కొట్టులో ఉన్న పటికంతా తెచ్చాను. "గడ్డం గీసే దుకాణం పెడ్తున్నవా ఏంది?" అన్నాడు మా ఆయన. పాత పంచెలో మూటకట్టి సాయంత్రందాకా ఒడ్డు చుట్టూ లాగాను.

తెల్లారేసరికి మట్టి అడుగుకు దిగి నీళ్లు అద్దంలా మెరుస్తున్నాయి. సేటు మురిసిపోతూ చుక్కలు వేశారు. గొట్టంలో పచ్చి పసుపు రంగు. ఆయన ముఖం మాడిపోయింది. అప్పుడే అమ్మ నిచ్చెనకు వేలాడుతున్న మూటను చూసింది. "ఇందుల పప్పు ఉడకవెడ్తున్నవా బిడ్డా?" అంది. సేటు తిట్టలేదు, ఒడ్డు మీద కూలబడ్డారు. "గిది కుండ గాదు బిడ్డ. పటికేస్తె పులుపెక్కుతది" అన్నారు.

పులుపు తగ్గడానికి సోడా పొడి కలిపితే ఎక్కువై ముదురు గులాబీ, రాణి రంగు వచ్చింది. దానికి యాసిడ్ పోస్తే నిమ్మపండు రంగు. దుకాణంలో ఉన్న రంగులన్నీ ఆ గొట్టంలో చూశాం. అమ్మను ఆపరేషనుకు తీసుకుపోవడానికి వస్తానని కొడుకు ఫోను. నేను నీళ్లకు దండం పెట్టుకోవడం ఒక్కటే తక్కువ.

ఒక మధ్యాహ్నం సేటు గొట్టం ఎత్తి చూసి, "మ్యాచింగ్ కుదిరింది, దిగుండ్రి" అన్నారు.

అమ్మ నైటీతో, నా మెడ పట్టుకొని దిగింది. నాలుగడుగులు వేసి, ఐదో అడుగు తనే వేసింది. మోకాలు వంగుతోందని నవ్వింది. మెట్టు మీద కూర్చొని, "ఇగ నువ్వు ఈదుకో పో" అంది.

అవతలి ఒడ్డు నుంచి బావిలోకి దూకినట్టే దూకాను. కళ్లు తెరిస్తే అడుగున ప్రతి పలకా కనిపించింది. మా బావికి అడుగు కనిపించేది కాదు. చల్లదనం కాళ్లను కిందికి లాగేది, చేపలు మడమలు కొరికేవి, పైన గట్టు మీద బాపు "కాళ్లాడియ్యే" అని అరిచేవాడు. పైకి తేలగానే అలవాటుగా గట్టు వంక చూశాను. అక్కడ సేటు గొట్టాన్ని ఎండకు పట్టి చూస్తున్నారు.

"కండ్లెందుకు గంత ఎర్రగైనయ్?" అంది అమ్మ.

"క్లోరిన్ మంటమ్మా" అన్నాను.

సేటు గబగబా ఇంకో గొట్టం నింపి చూసి, అన్నీ సరిగ్గానే ఉన్నాయే అని తల గోక్కున్నారు. అయినా పాపం, నా కళ్ల కోసం కొన్నాళ్లు పొడి తగ్గించి చల్లారు.

ఆ ఇంట్లోనే పనిచేస్తూ, జుట్టు నెరిశాక అక్షరాలు నేర్చుకున్నాను. ఒకరోజు ఆ పొడి డబ్బా మీది రాతలు కూడబలుక్కొని చదివితే, కళ్లు మండుతాయని ఉంది. ఎవరూ చూడటం లేదు కదా అని డబ్బా ముందు కూర్చొని నవ్వుకున్నాను. ఆనాటి పిల్ల అబద్ధానికి ఇన్నాళ్లకు ఒక సాక్షి దొరికింది.