ఈశాన్యంలో నీళ్ళు

మా పెరట్లో స్విమ్మింగ్ పూల్ వెలిసిందని తెలిసి న్యూజీలాండ్‌లో మేముండే టౌరంగా ఊళ్ళో మాకు తెలిసిన నలుగురు తెలుగువాళ్ళూ మేం బాగా వెనకేసుకున్నామని అనుకున్నారు. ఒకాయన ఫోన్ చేసి, "ఏంటి గురూ, ఇంక నీతో మాట్లాడాలంటే అపాయింట్‌మెంట్ తీసుకోవాలా?" అని వేళాకోళం కూడా ఆడాడు. నవ్వేసి ఊరుకున్నాను. అది తవ్వించి టైల్స్ వేయించిన కొలను కాదు. ఇనుప చట్రం నిలబెట్టి, లోపల మందపాటి నీలం ప్లాస్టిక్ షీటు బిగించి, నేల మీదే నిలిపే గుండ్రటి తొట్టి. ఎవరో వాడి వదిలేసింది తెచ్చాను. మా పాపకు తప్ప ఇంట్లో ఎవరికీ ఈత రాదు. మా ఆవిడ నడవడం కోసం తెచ్చాను దాన్ని.

ఆమెకు కాళ్ళ కండరాలు కొంచెం కొంచెంగా చచ్చుబడిపోయే జబ్బు వచ్చింది. మొదట మెట్ల దగ్గర తడబడింది. తర్వాత చేతికర్ర వచ్చింది, ఆ తర్వాత చక్రాల కుర్చీ. మందు లేదని పెద్ద డాక్టరు మర్యాదగా చెప్పేశాడు. ఫిజియోథెరపీ అమ్మాయి మాత్రం ఒక దారి చూపించింది. నేల మీద నిలబడలేని మనిషి గోరువెచ్చటి నీళ్ళలో నిలబడగలదట, నాలుగడుగులు వేయగలదట. రోజూ అలా వేస్తే ఉన్న బలం ఇంకొన్నేళ్ళు నిలవొచ్చట. "నీళ్ళు ముప్పై రెండు డిగ్రీలకు తగ్గకూడదు. చల్లబడితే కండరాలు బిగుసుకుంటాయి. మధ్యలో మానేస్తే పోయిన బలం మళ్ళీ రాదు," అంది. నేను తలూపాను. వినలేదని చెప్పుకోవడానికి లేదు, ఆ చివరి మాట స్పష్టంగా విన్నాను.

ఊళ్ళో వేడినీళ్ళ పూల్ ఉంది. రెండుసార్లు తీసుకెళ్ళాను. అక్కడివాళ్ళు మంచివాళ్ళే. ఒక యంత్రపు కుర్చీలో కూర్చోబెట్టి, బటన్ నొక్కి నీళ్ళలోకి దించారు. చుట్టూ ఉన్నవాళ్ళు చిరునవ్వుతో దారిచ్చారు. కారెక్కాక మా ఆవిడ ఏడ్చింది.

"అంతమంది చూస్తుండగా బస్తాని దించినట్టు దించారండీ. ఇంకోసారి నన్ను అక్కడికి తీసుకెళ్ళకండి," అంది.

నేను గట్టిగా మాట్లాడాల్సింది. సిగ్గు పోతే పోయింది, కాళ్ళు ముఖ్యం అని కోప్పడాల్సింది. అనవసరమైన చోట్ల నాకు రావలసినదానికంటే ఎక్కువే వస్తుంది కోపం. ఆ రోజు మాత్రం మంచి మొగుణ్ణయిపోయి, "సరే, ఇంట్లోనే పెట్టుకుందాం," అన్నాను.

నవంబరులో తొట్టి వచ్చింది. కింద పరచడానికి ఇసుక చదును చేస్తుంటే పక్కింటి ముసలాయన సాయానికి వచ్చాడు. రిటైరైన మనిషి, ఒంటరివాడు, పనంటే ఇష్టం. ఇంటికి ఆనుకున్న చెక్క అరుగు, అదే డెక్ పక్కనున్న ఖాళీ జాగా చూపించి, "ఇక్కడ పెట్టు, రోజంతా ఎండ ఉంటుంది," అన్నాడు తన ఇంగ్లీషులో. అది నైరుతి మూల. నైరుతిలో నీళ్ళుంటే ఇల్లాలికి ముప్పని చిన్నప్పట్నుంచీ విన్న మాట. మామూలు రోజుల్లో వాస్తు అంటే నేను నవ్వేవాణ్ణి. మా ఫ్రెండ్ ఒకడు మంచి ఇల్లు ద్వారం తూర్పుకి లేదని వదులుకుంటే వారం రోజులు ఏడిపించాను. కానీ ఇంట్లో జబ్బు మనిషి ఉన్నప్పుడు నవ్వే ధైర్యం ఉండదు. ఏమీ తెలియనట్టు మా ఆవిణ్ణి అడిగాను. "నీళ్ళంటే ఈశాన్యమేగా," అంది, అదేమైనా అడగాల్సిన విషయమా అన్నట్టు.

ఈశాన్యం మూలకు ఇంకో సుగుణం కూడా ఉంది. ఉత్తరపు సరిహద్దు పొడవునా ముసలాయన పెంచిన చెట్ల కంచె రెండు నిలువుల ఎత్తున దట్టంగా ఉండేది. దాని వెనకే ఆయన వంటింటి కిటికీ. ఆ చెట్లుండగా మా ఆవిడ నీళ్ళలోకి దిగడం ఎవరికీ కనిపించదు. ముసలాయన మళ్ళీ ఒకసారి డెక్ వైపు చూపించాడు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఆయన భుజాలు ఎగరేసి ఇసుక ఈ మూలకే మోసుకొచ్చాడు.

పైపు పెట్టి నింపితే రెండో రోజు మధ్యాహ్నానికి నిండింది. మా ఆవిడ కుర్చీలోంచే గట్టుకి పసుపు రాసి కుంకుమ పెట్టింది. గట్టు ఎత్తుకి సరిగ్గా నేనొక చెక్క అరుగు కట్టాను. ఆమె అరుగు మీద కూర్చుని కాళ్ళు లోపలికి వేస్తే, నేను నీళ్ళలో నిలబడి నడుం పట్టుకుని దింపుకునేవాణ్ణి.

ఆ డిసెంబరు, జనవరి మా ఇంట్లో పండగే. ఇక్కడ అవి ఎండాకాలపు నెలలు, ఎండ నెత్తిమీద కాసేది. నీళ్ళు వేడెక్కడానికి కరెంటుతో నడిచే ఒక పాత చిన్న హీట్ పంప్ తగిలించాను. పైన బుడగల ప్లాస్టిక్ దుప్పటి కప్పి ఉంచితే నీళ్ళు సాయంత్రానికి ముప్పై రెండుకి చేరేవి. ఆమె పాత చుడీదారు వేసుకుని దిగేది. మొదటిరోజు గోడ పట్టుకుని నిలబడి, "ఏవండీ, నా బరువు నాకు తెలియట్లేదండీ," అంది. రెండేళ్ళ తర్వాత ఆమె నిలబడి ఉండగా నేను ఆమె ముఖం చూడటం అదే. తర్వాత గోడ వెంబడి నడిచింది. చుట్టు తిరగడాన్ని ప్రదక్షిణ అనేది, కుడిచేతి వైపే తిరగాలనేది. మొదట మూడు, తర్వాత ఐదు. సంక్రాంతి వెళ్ళేసరికి తొమ్మిది చేసింది. నేను ఉద్యోగం నుంచి వచ్చేసరికి తయారై అరుగు పక్కన ఎదురు చూసేది. ఆ రెండు నెలల్లో మేం ఒక్కసారి కూడా పోట్లాడుకోలేదు.

నా ఉద్యోగం కివీపండ్లు ఏరి పెట్టెల్లో సర్దే ప్యాక్‌హౌస్‌లో, కోల్డ్ స్టోరేజీ గదులు చూసుకోవడం. మార్చిలో కోతలు మొదలైతే మూడు నెలలు తల ఎత్తడానికి ఉండదు. పగలంతా కాయల్ని చల్లగా ఉంచి, సాయంత్రం ఇంటికొచ్చి నీళ్ళు వేడెక్కించాలి. ఆ మార్చి చివర్లో ఒక సాయంత్రం వేడి చూస్తే ఇరవై ఎనిమిది. హీట్ పంప్ పాడైందనుకున్నాను. దాన్ని విప్పాను, తుడిచాను, తిట్టాను. వారం తర్వాత ఇరవై ఆరు. మా ఆవిడ ఆ రోజు దిగి, రెండు చుట్లకే పెదవులు నీలంగా మారి పైకొచ్చేసింది.

ఆదివారం మధ్యాహ్నం దుప్పటి తీసి శుభ్రం చేస్తుంటే అప్పుడు గమనించాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. డెక్ పక్కన నైరుతి మూల ఎండ కాస్తోంది. తొట్టి మీద మాత్రం నీడ. ముసలాయన చెట్ల నీడ గట్టు దాటి సగం నీళ్ళ మీద పడుకుని ఉంది.

"ఉత్తరం వైపు చెట్ల నీడ ఇటెలా పడుతుంది?" అని పైకే అనేశాను.

పన్నెండేళ్ళ మా పాప మెట్ల మీద కూర్చుని ఏదో తింటోంది. "డాడీ, ఇక్కడ సన్ నార్త్ సైడ్ కదా ఉంటుంది. ప్రైమరీలోనే చెప్పారు మాకు," అంది.

"మరి అప్పుడే చెప్పొచ్చుగా?"

"నువ్వు గాడ్ కార్నర్ అన్నావు. సో నేనేం అనలేదు."

మన దేశంలో చలికాలపు సూర్యుడు దక్షిణానికి వాలతాడు. ఉత్తరాన ఎంత చెట్టున్నా దాని నీడ మన వాకిట్లో పడదు. అది నాకు ఎవరూ నేర్పింది కాదు, ఒంట్లో ఉన్న జ్ఞానం. ఈ దేశంలో సూర్యుడు ఉత్తరాన తిరుగుతాడని ఎనిమిదేళ్ళుగా ఇక్కడ ఉంటూ కూడా పట్టించుకోలేదు. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు తొట్టి పెట్టాను. చలికాలం వస్తే ఈశాన్యం మూల ఈ ఇంట్లోకెల్లా చీకటి మూల అవుతుందని ముసలాయనకు తెలుసు, మా పాపకు తెలుసు.

తొట్టి విప్పి నైరుతికి మార్చొచ్చు. నీళ్ళు పారబోసి, షీటు పీకి, మళ్ళీ బిగిస్తే చిరుగుతుందని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. నైరుతిలో నీళ్ళు పెట్టాక ఆమెకేమైనా అయితే నేను బతికున్నన్నాళ్ళూ నన్నే అనుకుంటాను. ఆ భయంతో మార్చలేదు. మార్చకపోతే ఏమవుతుందో ఫిజియో అమ్మాయి ముందే చెప్పింది. తెలిసి తెలిసి లేని ముప్పుకి భయపడి ఉన్న ముప్పుని ఇంట్లో ఉంచుకున్నాను.

మే నెలంతా ఆ నీళ్ళతో కుస్తీ పట్టాను. ఎండకి వేడెక్కుతాయని పెరటి షెడ్డు కప్పు మీద నల్ల పైపు చుట్టలు పరిచి నీళ్ళు తిప్పాను. ఆ కప్పు మీదా నీడే. హీట్ పంప్ పగలంతా ఆడి రెండు డిగ్రీలు ఎక్కిస్తే, తెల్లవారేసరికి రెండున్నర దిగేవి. ఒక ఆదివారం పిచ్చెక్కి, పదిమంది భోజనాలకు సాంబారు కాచే పెద్ద గిన్నెలు రెండూ పొయ్యి మీద పెట్టి, నీళ్ళు మరగబెట్టి మోసుకెళ్ళి పోశాను. పొద్దున్నుంచీ మధ్యాహ్నం దాకా అదే పని. మా ఆవిడ కిటికీలోంచి చూస్తూ, "ఏవండీ, ఏనుగు దాహానికి చూరు నీళ్ళా? వచ్చి అన్నం తినండి," అంది నవ్వుతూ. చేతి మీద బొబ్బ వచ్చింది తప్ప థర్మామీటరు ముల్లు కదల్లేదు. అన్నం పళ్ళెం ముందు కూర్చుని ఆమె మీద అరిచాను.

"ఆ చెట్లు కొట్టించేస్తాను. అడిగితే ఆయన కాదనడు," అన్నాను.

"వద్దండీ. ఆయన కిటికీలోంచి కనిపిస్తాను. మీరు నన్ను ఎత్తి దించడం ఇంకో మగాయన చూడాలా?"

"అయితే ఆ వేడినీళ్ళ పూల్‌కే పద."

"నేను రానన్నానుగా."

"మరి కాళ్ళో?"

ఆమె పక్కనే తింటున్న పాప వైపు చూసి, "ఎండాకాలం వస్తుందిలెండి," అంది.

నేను సరే అనేశాను. జూన్, జూలై తొట్టి మీద దుప్పటి తీయలేదు. ఆమె ఇంట్లో కుర్చీ పట్టుకుని లేవడానికి ప్రయత్నించేది. జూన్‌లో లేచి పది లెక్కపెట్టేదాకా నిలబడేది. జూలైలో నేను చంకల కింద చేతులేసి లేపితే నిలబడేది. ఆగస్టులో ఒక ఉదయం లేపి వదిలితే అలాగే కిందికి జారిపోయింది. ఇద్దరం వంటింటి గచ్చు మీద కూర్చుండిపోయాం. కాసేపటికి తనే అంది, "చెట్లు కొట్టించండి. ఎవరు చూస్తే ఏంటిప్పుడు." ఆమె నోట ఆ మాట విన్నప్పుడు వేసినంత భయం నాకు డాక్టరు చెప్పినప్పుడు కూడా వేయలేదు.

ముసలాయనతో సంగతంతా చెప్పాను. ఆయన వాస్తు గురించి ఏమీ అడగలేదు. "మొదట్లోనే నాకు చెప్పాల్సింది," అన్నాడు. రెండు ఉదయాల్లో రంపంతో చెట్లన్నీ నడుం ఎత్తుకి కోసేశాడు. మూడో రోజు చూస్తే ఆయన వంటింటి కిటికీకి లోపలి నుంచి తెల్లటి తెర వేసి ఉంది. అది మళ్ళీ ఎప్పుడూ తీసిన గుర్తు లేదు నాకు. ఆయన పగటిపూట కూడా లైటు వేసుకునే వంట చేసుకునేవాడు.

నవంబరుకి నీళ్ళు వేడెక్కాయి. ఒక శనివారం మధ్యాహ్నం ఆమెను కుర్చీలోంచి ఎత్తి అరుగు మీద కూర్చోబెట్టాను. కాళ్ళు తనే లోపలికి వేసుకోలేకపోయింది, నేనే ఒక్కొక్కటీ ఎత్తి వేశాను. నీళ్ళలోకి దింపి నిలబెట్టబోతే నిలవలేదు. మోకాళ్ళు మడతపడిపోయి, మెడ దాకా మునిగింది. భయపడి పైకి లాక్కుని, వీపు నా ఛాతీకి ఆనించుకుని, రెండు చేతులూ ఆమె చంకల కిందుగా చుట్టి పట్టుకున్నాను.

"ఇలాగే తిప్పండి. కుడివైపు," అంది.

గోడ వెంబడి నడవడం మొదలుపెట్టాను. నీళ్ళలో ఆమెకు బరువే లేదు. పాప ఇంట్లో ఎక్కడో ఉంది, కంచె అవతల తెర వేసి ఉంది, ఎవరూ చూడటం లేదు. ఒక చుట్టు అయ్యాక, "నేను అడుగులు వేస్తున్నానండీ. మీకు తెలుస్తోందా?" అని అడిగింది. కిందికి చూశాను. ఆమె కాళ్ళు రెండూ ఒకదానికొకటి ఆనుకుని, నేను ఎటు నడిస్తే అటు ఊగుతూ వస్తున్నాయి.

"తెలుస్తోంది. బాగా వేస్తున్నావు," అన్నాను.

ఇంకో సగం చుట్టు తిరిగాక, తల వెనక్కి నా భుజం మీద వాల్చి మెల్లగా అంది.

"నీళ్ళు తేటగానే ఉన్నాయి కదండీ. నాకూ కనిపిస్తోంది."

ఆగడం చేతకాక అలాగే ఇంకా రెండు చుట్లు నడిచాను.