రేపొస్తా మేస్త్రి

మా బజారులో పనివాళ్ళందరూ "రేపొస్తా" అంటారు. కుళాయి బాగుచేసేవాడు అంటాడు, తలుపులు చేసేవాడు అంటాడు, కరెంటు పనివాడైతే ఫోనెత్తగానే ముందు ఆ మాటే అంటాడు. ఆ రేపు ఎప్పటికీ రాదు. ఒక్క మనిషి మాత్రం రేపొస్తానంటే నిజంగానే మర్నాడు పొద్దున్నే వచ్చి గేటు ముందు నిలబడేవాడు. అందుకే సగం ఎగతాళిగా, సగం మెచ్చుకోలుగా అతనికి రేపొస్తా మేస్త్రి అని పేరు పడిపోయింది. అసలు పేరు నాకు తెలుసు గానీ, ఆ పేరుతో పిలిస్తే ఎవరినో అనుకుని తనే వెనక్కి చూస్తాడు.

నాది రంగుల దుకాణం. మా నాన్న దగ్గర్నుంచి నాకొచ్చింది, ఆయన కోపంతో సహా. మేస్త్రి మా నాన్న రోజుల నుంచీ మా దగ్గరే సరుకు కొంటాడు కాబట్టి చుట్టరికం లేకపోయినా బాబాయ్ అంటాను. అతనికి తెలిసింది ఒకటే పని. కార్లు పెట్టుకునే గ్యారేజీల్లో సిమెంటు నేల మీద పూత వెయ్యడం. నూనె కారినా, టైర్లు రుద్దుకున్నా నేల పాడవకుండా ఉంటుందన్నమాట. ఓస్ ఇంతేనా అనుకుంటారు. ముందు గ్రైండరు పెట్టి నేలనంతా గరుగ్గా రుద్దాలి. పగుళ్ళు పూడ్చాలి. దుమ్మంతా లాగెయ్యాలి. మొదటి పూత వేసి ఆరనివ్వాలి. రెండోది వేసి ఆ తడి మీద రంగు పలుకులు చల్లాలి, అవి అంటుకున్నాక గీకి, పైన మెరుపు పూత వెయ్యాలి. ప్రతి పూతకీ మధ్య ఒక రోజు ఆగాలి. అంతా అయ్యాక కారు ఎక్కించడానికి ఇంకో వారం పడుతుంది. ఇది పాతకాలం నుంచి వస్తున్న ఎపాక్సీ. మా కొట్లో దీన్ని నిదానం పూత అంటాం.

ఆ నిదానమే అతని బతుకు. భార్య పెళ్ళయిన కొత్తలోనే పోయింది, పిల్లల్లేరు. సైకిళ్ళ కొట్టు మీద ఒక గది, భోజనం హోటల్లో. ఒక పని దొరికిందంటే అతనికి కొన్నాళ్ళపాటు ఒక ఇల్లు దొరికినట్టే. మొదటిరోజు గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడతారు. రెండోరోజుకి టీ ఇస్తారు. మూడోరోజుకి పిల్లవాడికి లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో, అత్తాకోడళ్ళు ఎందుకు మాట్లాడుకోవడం లేదో, అన్నీ అతని చెవిన పడతాయి. ఆఖరి పూత వేసిన రోజు సంచీ సర్దుకుని వచ్చేస్తాడు. నాలుగు నెలలు పోయాక అదే వీధిలో ఎదురైతే ఆ పిల్లవాడికి ఇతనెవరో గుర్తుండదు. ఇతనికి మాత్రం వాడి మార్కులు కూడా గుర్తే.

"మరి లోపలికెళ్ళి పలకరించకపోయావా బాబాయ్?" అని అడిగానొకసారి.

"పనేం ఉందని వెళ్ళనమ్మాయ్?" అన్నాడు.

ఆ మాట ఊరికే అన్నది కాదు. పని లేకుండా ఎవరి గుమ్మమూ ఎక్కడు. నా కొట్టుకి రావాలన్నా ఏదో ఒక బ్రష్షు కొనేవాడు. అతని గదిలో ఎన్ని బ్రష్షులుంటాయో తలుచుకుంటే నాకు నవ్వొచ్చేది, కాసేపటికి ఆ నవ్వు పోయేది.

ఇలా ఉండగా తొందర పూత వచ్చిపడింది. దాని అసలు పేరు పలకడానికి నోరు తిరగదు, కాబట్టి మేము పెట్టిన పేరే చెబుతున్నాను. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి నడవచ్చు, మర్నాటికి కారు పెట్టుకోవచ్చు. ఎండ తగిలినా పసుపెక్కదు. జనం ఎగబడ్డారు. చిక్కల్లా వేసేవాడికే. కలిపిన డబ్బా చేతిలో టీ తాగినంతసేపైనా నిలవదు, గట్టిపడిపోతుంది. ఒక వరస వేశాక దాని అంచు తడిగా ఉండగానే పక్క వరస కలిపెయ్యాలి. ఒకరు కలుపుతుంటే ఒకరు వెయ్యాలి. తల ఎత్తకూడదు, మాటల్లో పడకూడదు.

మేస్త్రికి అది కంటగింపు. "నేలలోకి ఇంకదమ్మాయ్, పైపైనే ఉంటుంది. నిదానంది అలా కాదు, లోపలికి పట్టుకుంటుంది" అనేవాడు. అందులో కొంత నిజముంది. మిగతాది ఏమిటో నాకు తెలుసు, అతనికీ తెలుసు. అడిగిన వాళ్ళందరికీ నిదానం పూతే చెప్పేవాడు. వినేవాళ్ళే తగ్గిపోయారు. కొన్ని నెలలు పని లేక నా కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని వీధి చూసేవాడు.

అప్పుడొచ్చింది కుట్టు టీచరమ్మ. స్కూల్లో ఆడపిల్లలకి కుట్టుపని నేర్పి ఈమధ్యే రిటైరయింది. వాళ్ళ గ్యారేజీ నేల పెచ్చులూడి పోతోందట. రెండు పూతల్లో ఏది మంచిదని అడిగింది. నేను నోరు తెరిచేలోపు స్టూలు మీంచి జవాబొచ్చింది.

"నిదానంది వేయించండమ్మా. కాస్త ఆగాలి గానీ, నేలకి అదే మంచిది."

"మీరు వేసేవాళ్ళు. మీకు తెలిసినంత నాకేం తెలుస్తుంది మేస్త్రి గారూ, అలాగే కానివ్వండి" అందావిడ.

డబ్బాలు ఆటోలో వేసుకుంటుంటే చూశాను, మొహం వెలిగిపోతోంది.

"ఏంటి బాబాయ్, పెళ్ళికొడుకులా ఉన్నావు?"

"పోవే! అక్కాచెల్లెళ్ళిద్దరే ఉంటారట. వారం పైనే పని" అన్నాడు. ఎంత పని అని నేను అడగనే లేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆ డబ్బాలన్నీ మూతలు తియ్యకుండానే తిరిగొచ్చాయి. వాటి వెనకే అతను. గాలి తీసేసినట్టున్నాడు.

"ఇవి వెనక్కి తీసుకో. తొందరది ఇవ్వు."

నాకు ఒళ్ళు మండింది. నువ్వు వద్దంటే వెనక్కి తీసుకోవడానికి ఇదేమైనా అద్దె సామానా అని మొదలుపెట్టబోయి, అతని వాలకం చూసి ఆగాను. కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తే అప్పుడు చెప్పాడు.

పొద్దున గ్రైండరు తీసి నేల చూసుకుంటుంటే వంటింటి తలుపు నుంచి కారు నిలిపే చోటిదాకా రెండు సన్నటి చారలు కనిపించాయట. సైకిలువి కావు, పక్కపక్కనే ఉన్నాయి. తలుపు దగ్గర మెట్టు బదులు ఏటవాలుగా చెక్క వేసి ఉంది. చూస్తుండగానే టీచరమ్మ వాళ్ళక్కని చక్రాల కుర్చీలో ఆ చెక్క మీంచి దింపింది. ఆవిడకి మూత్రపిండాలు పనిచెయ్యవు. రోజు విడిచి రోజు ఆసుపత్రికెళ్ళి రక్తం శుభ్రం చేయించుకోవాలి. ముందువైపు తలుపుకి ఎత్తు మెట్లు. ఆవిడకి ఉన్న దారల్లా ఆ గ్యారేజీయే.

"మరి ఇది మూసేస్తే ఎలా వెళ్తారమ్మా?" అని ఇతను అడిగాడు.

"ఇద్దరు మనుషుల్ని మాట్లాడాను. కుర్చీతో సహా మెట్ల మీంచి దింపుతారు. అక్కకి మోయించుకోవడమంటే భయమే, కానీ తప్పదుగా. నేలకి అదే మంచిదని మీరన్నారు కదా" అంది టీచరమ్మ.

మేస్త్రి ఏదో సామాను మర్చిపోయానని చెప్పి డబ్బాలతో వచ్చేశాడు.

"ఆవిడ నా మాట నమ్మిందమ్మాయ్. నేను నేల కోసం చెప్పాననుకుంది. నేను నా కోసం చెప్పాను" అన్నాడు, గ్లాసు కింద పెడుతూ.

లోపలికెళ్ళి తొందర పూత డబ్బాలు తెచ్చిపెట్టాను. కలిపి అందించడానికి మనిషిని పంపనా అంటే వద్దన్నాడు. పట్టుదల కాదు, పక్కన మనిషి ఉండి పనిచెయ్యడం అతనికి అలవాటు లేదు.

ఆసుపత్రి లేని రోజు చూసుకుని మొదలుపెట్టాడు. మేకుల చెప్పులు తొడుక్కుని, తడి మీద నడుస్తూ, తనే కలుపుకుంటూ, తనే రోలరు లాగుతూ మధ్యాహ్నానికి పలుకులు చల్లడం దాకా వచ్చాడు. అక్క చెక్కకి ఇవతల, వంటింటి గుమ్మంలో కుర్చీలో కూర్చుని చూస్తోంది. ఆయన్ని మాట్లాడించకు, పని పాడవుతుందని చెల్లెలు ముందే గట్టిగా చెప్పింది. పాపం ఆవిడ చాలాసేపు ఓర్చుకుంది. మెరుపు పూత సగం నేల దాటేసరికి ఇక ఉండబట్టలేకపోయింది.

"ఇంతకీ మీ ఇంట్లో ఏది వేసుకున్నావు నాయనా? ఇదా, అదా?"

ఇన్నేళ్ళలో అతన్ని జనం ఎన్నో అడిగారు. ఎంతకాలం మన్నుతుందని, వాసన ఎప్పుడు పోతుందని, ఏ రంగు బావుంటుందని. అతని ఇంటి సంగతి ఎవరూ అడగలేదు. రోలరు పట్టుకునే నడుము నిటారుగా చేశాడు.

"ఏదీ వెయ్యలేదమ్మా. ఒట్టి గచ్చే."

"అదేమిటి, ఊరందరికీ వేసేవాడివి!"

"వేస్తే చూసేవాళ్ళెవరమ్మా?"

"ఎవరూ లేరా?"

లేరని ఒక్క మాటలో చెప్పి వంగాల్సింది. కానీ చెప్పడం మొదలుపెట్టాడు. భార్య సంగతి, ఆవిడ చనిపోయిన ఏడాది పడ్డ వాన సంగతి, గది సంగతి, ఆదివారాలు హోటలు మూసేస్తారు కాబట్టి శనివారమే బన్నులు తెచ్చిపెట్టుకునే సంగతి. ఆవిడ మధ్యలో అడ్డురాలేదు. అతనికి చేతిలో రోలరుందని గుర్తొచ్చి వంగేసరికి అంచు బంకలా సాగింది. గబగబా పక్క వరస వేశాడు గానీ అప్పటికే మించిపోయింది. నేల నడిమధ్య ఈ గోడ నుంచి ఆ గోడకి గీత పడింది. చేత్తో తడిమినా తెలుస్తుంది. నేల పనిలో అంత చెడ్డ తప్పు అతని చేతి మీదుగా అంతకుముందు జరగలేదు.

సాయంత్రం సంచీ సర్దుకుని గేటు దాకా వెళ్ళి ఆగాడట. ప్రతి ఇంట్లోనూ అక్కడ ఆగి అనే మాట ఒకటుంది. తొందర పూతకి ఆ మాటతో పనిలేదు. కానీ గీత ఉంది.

"రేపొస్తానమ్మా, అది సరిచెయ్యాలి" అన్నాడు.

నా దగ్గరికొచ్చి ఇంకో చిన్న డబ్బా అడిగితే చెడామడా తిట్టాను. చెయ్యి తిరిగిన మనిషివి, కబుర్లలో పడి నేల పాడుచేస్తావా అన్నాను. తిట్లు తింటూ చిరునవ్వు నవ్వుతున్నాడు. తప్పుచేసిన మొహం కాదది.

మర్నాడు వెళ్ళేసరికి గ్యారేజీలో కారు పెట్టేసి ఉంది. అక్క ఆసుపత్రికి తయారై ఉంది.

"ఆ గీతేనా? ఉండనివ్వండి మేస్త్రి గారూ" అంది టీచరమ్మ. "దానికోసం మళ్ళీ రుద్దడం, మళ్ళీ మూసెయ్యడం, ఎందుకు చెప్పండి? పొద్దున అక్క తన దారిన తను దిగొచ్చింది. మాకు అది చాలు."

ఆవిడన్నది న్యాయం. సరేనమ్మా అన్నాడు. అని వెనక్కి తిరగాల్సింది, తిరగలేకపోయాడు. డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"అమ్మా, గీత పడితే నేను బాధపడాలి. రాత్రంతా సంతోషించానమ్మా, ఇంకొక్కసారి రావచ్చని" అన్నాడు.

టీచరమ్మ కారు తాళాలు చేతిలో తిప్పుతూ ఉండిపోయింది. అక్కే అంది, "మా ఇంటికి రావాలంటే నేల పాడవ్వాలా నాయనా? రేపు నాకు ఆసుపత్రి లేదు. రా."

ఊరందరికీ రేపొస్తానని చెప్పే మనిషి అప్పుడు మాత్రం ఆ మాట అనలేకపోయాడు. తల ఊపి, డబ్బా తెచ్చి నా కొట్లో పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడు ఉతికిన చొక్కా తొడుక్కుని నా స్టూలు మీద ప్రత్యక్షమయ్యాడు.

"వెళ్ళావా?"

"గేటు దాకా వెళ్ళానమ్మాయ్. పనేమని చెప్పి లోపలికెళ్ళను?"

"పిలిచారు కదా బాబాయ్!" అని అరిచాను. రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా తిరిగి చూశారు.

"పిలిచారు. చేతులు ఖాళీగా ఉన్నాయి. ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు" అన్నాడు.

నాకు కోపం పోయింది. అతని పనిసంచీ మా కొట్లో మూలనే ఉంటుంది. దాన్ని తీసి భుజానికి తగిలించి, "పట్టుకో, ఇక నడు" అన్నాను. నడిచాడు.

సాయంత్రం కొట్టు కాస్త ముందే కట్టేసి ఆ వీధినే వెళ్ళాను. చూద్దామనే వెళ్ళాను, అబద్ధమెందుకు? గ్యారేజీ తలుపు తీసే ఉంది. గీతకి అటు అక్క చక్రాల కుర్చీ, ఇటు ఇతనికి వేసిన పీట. పక్కన ఖాళీ అయిన టీ గ్లాసు. పనిసంచీ ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. దాని తాడు ముడి కూడా విప్పలేదు. అక్క ఏదో చెబుతోంది, ఇతను వింటున్నాడు.

నన్ను చూసి, పని మానేసి కూర్చుంటే పట్టుబడ్డవాడిలా దిగ్గున లేచాడు. "వెళ్తానమ్మా" అన్నాడు అక్కతో.

"మరి రేపు?" అందావిడ. "రేపు ఆసుపత్రి నుంచి సాయంత్రానికి వచ్చేస్తాను."

అతను నేలంతా ఒకసారి చూశాడు. పూత ఆరిపోయింది. దాని మీద కారు తిరిగింది, కుర్చీ తిరిగింది. చెయ్యడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

"రేపొస్తా" అన్నాడు.

నాకే సరిగ్గా వినపడలేదు. అక్క చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఏమిటీ?" అంది. అతను సంచీ భుజానికెత్తుకుని, ఆవిడకి వినపడేలా మళ్ళీ చెప్పాడు.