బ్రేకు పైపుకు బోరు దారం

నా చిన్నప్పుడు మేడ్చల్ చుట్టుపక్కల బోరు పైపులు దించడంలో మా నాయినను మించినవాడు లేడని పేరు. ఆ పేరే మా కొంప ముంచబోయింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మా పాత కారు ముందు చక్రాలకు మా అమ్మ వాళ్ళ నాయిన, మెకానిక్ తాత, వేరే బండి డిస్కు బ్రేకులు బిగించాడు. ఇక వెనక చక్రాలకు పోయే బ్రేకు ఆయిల్ ఒత్తిడి తగ్గించకపోతే, గట్టిగా తొక్కినప్పుడు వెనక చక్రాలు ముందే బిగుసుకుని బండి గిర్రున తిరుగుతుందట. అందుకు చిన్న వాల్వు ఒకటి తెచ్చాడు. దాని మరలు మా పాత పైపు నట్టుకు కలవలేదు. సరైన నట్టు తెచ్చేదాకా ముట్టుకోవద్దని చెప్పి పట్నం పోయాడు.

మా నాయిన ఆగితేగా! మర్నాడు దవాఖాన నుంచి బాలింత అక్కను, పసిగుడ్డును తీసుకురావాలి. బోరు పైపుకు చుట్టినట్టే ఆ నట్టుకు దారం చుట్టి, నీళ్ళు కారకుండా పైపులకు పట్టించే తెల్లటి సఫేదా పూసి, పానాతో బలవంతంగా బిగించాడు.

"బోర్ల నీళ్ళే ఆగంగ, గింత ఆయిల్ ఆగదా?" అన్నాడు.

పొద్దున్నే తాత నట్టు పట్టుకొని వచ్చాడు. ఆ దారం చూసి పళ్ళు కొరికాడు. నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి బ్రేకు తొక్కుతూ ఉండమన్నాడు. మొదట గట్టిగానే ఉంది. తొక్కగా తొక్కగా ఒక్కసారిగా కాలు అడుగుకు దిగిపోయింది. కారు కింద ఆయిల్ పారింది.

"పోరి కాలుకే ఆగలే అల్లుడా! గీ బండ్ల పసిపిల్లను ఎక్కిస్తవా? ఆయిల్ ఆగేది దారంతోని గాదు. పైపు మూతి పోయి వాల్వుల సక్కగ ఆనాలె," అని తాత అరిచాడు.

"ఏమైందిప్పుడు? ఏం గాలే గద," అని నాయిన లోపలికి పోయాడు. ఆ మాటను నేను ఈనాటికీ క్షమించలేదు. తాత నట్టు మార్చి, పైపుల్లో గాలి తీసి, బండి నడిపి చూసుకున్నాకే తాళంచెవి ఇచ్చాడు.

అంతకన్నా పెద్ద కోపం నా మీద నాకే. తాత రాకముందే కారు కింద ఆయిల్ చుక్కలు చూశాను. నాయిన తిడతాడని నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఎవరేమనుకున్నా కంటబడింది చెప్పేస్తాను. గయ్యాళి అన్నా ఊరుకుంటాను. అక్క బిడ్డ నన్ను "చిన్నమ్మా" అని పిలిచినప్పుడల్లా, ఆ పిలుపు లేకుండా చేయబోయింది మా నాయిన ఒక్కడే కాదని గుర్తొస్తుంది.